కుదురు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గాజుల దుకాణం మీద, మొదటి అంతస్తులో, రెండు గదులు. నెలకు రెండు ఆదివారాలు అక్కడ మనసు డాక్టరు కూర్చుంటాడు. ఫీజు లేదు, మందులు సగం ధరకు. నడిపేవాళ్ల పేరు చెప్పను. మంచివాళ్లు, పైగా వాళ్ల ఫారాన్ని నాలుగు మాటలు అనబోతున్నాను.

నేను అక్కడికి రోగిగా పోలేదు, వైద్యుడిగా అసలే పోలేదు. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను కాబట్టి ‘ఫారంలో తెలుగు కాస్త చూడండి సార్’ అని పిలిచారు. మీ సేవ వల్ల జనానికి ఎంత మేలు జరుగుతోందో లెక్క చూపండని డబ్బిచ్చేవాళ్లు అడిగారట. ఆ లెక్క కోసం ఫారం. ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి దిగింది. మూడో ప్రశ్న ఇలా ఉంది: ‘సేవ పొందిన పిమ్మట మీ పునరుద్ధరణ స్థాయిని సున్నా నుండి పది వరకు గల కొలమానముపై సూచించుము.’ పునరుద్ధరణ నాకు తెలిసి పాత గుళ్లకు చేస్తారు, గాలివాన వెలిశాక కరెంటు సరఫరాకు చేస్తారు. మనిషికి చేయగా చూడలేదు.

దాన్ని కొట్టేసేలోపే హయత్‌నగర్ నుంచి వచ్చిన ఒకామె ఎదురుగా కూర్చుంది. పక్కన కొడుకు. ఇరవై ఆరేళ్లుంటాయి. మూడేళ్ల కిందట అతనికి ఎవరూ లేనిచోట మాటలు వినపడటం మొదలైంది, ఏడాదిగా ఇక్కడ మందులు వాడుతున్నాడు. ప్రశ్న చదివాను. ఆమె అర్థం కాలేదని కూడా అనలేదు, నేనింకా మొదలుపెట్టలేదన్నట్టు చూసింది. ‘అట్ల గాదక్కా, మొదట్ల కంటె ఇప్పుడెట్లున్నడు?’ అన్నాను.

‘కుదురుగ కూసుంటుండు సారూ. గని కుదుట పడలె.’

అతను నిజంగానే కుదురుగా కూర్చున్నాడు. రెండు మోకాళ్ల మీద రెండు అరచేతులు, గోడ మీద క్యాలెండరు వైపు చూపు. నేను మాట్లాడినంతసేపూ ఆ వేళ్లు కదల్లేదు. పదికి ఎంతని రాయను? ఆమె ఒక్క ఊపిరిలో ఒకే మాటను రెండు రూపాల్లో వాడి, ఒకదానికి మార్కులిచ్చి రెండోదానికి సున్నా వేసింది. ఫారంలో గడి ఒక్కటే.

కుదురు అంటే మొదట ఒక వస్తువు. గుండ్రటి అడుగున్న కుండ నేలమీద నిలవదు, పొర్లుతుంది. గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్ట చుట్టి దాని కింద పెడతారు. అదే కుదురు. చుట్టకుదురు అని కూడా అంటారు. ఎండలు ముదిరాక కొత్తపేట రోడ్డు పక్కన రంజన్లు అమ్మేవాళ్ల దగ్గర దాన్ని చూడొచ్చు, కాకపోతే గడ్డి పోయి ఇనప చువ్వల స్టాండు వచ్చింది. కిందటేడు రంజన్ కొంటూ, అడుగు చదునుగా చేస్తే ఈ స్టాండు ఖర్చు తప్పేది కదా అన్నాను. అమ్మే ఆమె నన్ను జాలిగా చూసింది. ‘సాపుగ జేస్తె ఆవంలనే పలుగుతది సారూ.’ గుండ్రటి అడుగు కుండకు లోపం కాదు, దాని గట్టిదనమే అది. నిలబెట్టడానికి బయటినుంచి ఒక చుట్ట కావాలి, అంతే.

చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి తీసే పాదు కూడా కుదురే. వెంట్రుక మొదలూ కుదురే, నూనెల ప్రకటనల పుణ్యమాని జుట్టు కుదుళ్లు అందరికీ తెలుసు. దేన్నైనా పూర్తిగా పెరికేస్తే కుదుళ్లతో పెరికేశామంటాం. ఇక వరిలో కుదురంటే ఒకచోట నాటిన నారు మొక్కల గుంపు. వానాకాలం చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44 కుదుళ్లు ఉండేలా నాటమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే కుదుళ్లను లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. కానీ రైతు కుదుళ్లు లెక్కపెట్టి ఇంటికి పోడు. నెల తిరిగాక గట్టు దిగి, ఒక కుదురు పక్కకు వంచి, ఎన్ని పిలకలు వేసిందో చూస్తాడు.

ఈ రెండో లెక్క మన మానసిక ఆరోగ్య సేవల్లో చాలాకాలం జరగలేదు. దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. పెద్దాసుపత్రి గోడలు దాటించి చికిత్సను జిల్లాకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తేవడం ఎలాగో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌వాళ్లు 1985 నుంచి బళ్లారి జిల్లాలో చేసి చూపారు. తెలుగూ కన్నడమూ ఒకే అరుగు మీద కూర్చునే జిల్లా అది. కన్నడంలోనూ వ్యాపారం కుదురుతుంది, మన మాటే. బళ్లారి నమూనా మీద 1996లో జిల్లా కార్యక్రమం వచ్చినప్పుడు మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇన్నేళ్లుగా ఆ కార్యక్రమాల నివేదికల్లో ముందు వరసన కనిపించేవి ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎందరిని చూశారు, ఎందరికి శిక్షణ ఇచ్చారు అనే అంకెలు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోను సేవ, 14416 నంబరు, మంచి పని. దాని గురించిన ప్రకటనల్లో కూడా మొదట చెప్పేది ఎన్ని కాల్స్ వచ్చాయనే. ఇవన్నీ చదరపు మీటరుకు కుదుళ్లు. పిలకల మాట కిందికి ఎక్కడో జారుతుంది.

మళ్లీ ఆమె మాటకు వద్దాం. కుదురు తెలిసింది, కుదుట ఏమిటి? నోరు నోట అవుతుంది, ఏరు ఏట అవుతుంది, ఇల్లు ఇంట అవుతుంది. నోట్లో, ఏట్లో, ఇంట్లో అని అర్థం. బాలవ్యాకరణం చదివినవాళ్లకు ఔపవిభక్తికాలు గుర్తుండాలి, గుర్తులేకపోతే తప్పు నాలాంటి మాస్టర్లది. అదే దారిలో కుదురు కుదుట అయిందని నా నమ్మకం. అప్పుడు కుదుటపడటమంటే కుదురులో పడటం. పొర్లుతున్న కుండ వచ్చి తన చుట్టలో కూర్చోవడం. తెలుగులో ఈ కుటుంబం పెద్దదే: గాడిన పడటం, దారిన పడటం, ఒడ్డున పడటం, తెరిపిన పడటం. అన్నిటిలోనూ పడేవాడికంటే ముందే పడే చోటు ఒకటి ఉంది. గాడి ఎవరో తొక్కి ఉంచాలి. ఒడ్డు అక్కడ ఉండాలి. చోటు లేకుండా పడటమంటే ఉట్టి పడిపోవడమే.

కుదురుగా అన్న మాట సంగతి వేరు. అది బయటినుంచి చూసేవాడి మాట. ముప్ఫై నాలుగేళ్లు బడిలో ‘కుదురుగా కూర్చోండ్రా’ అని అరిచినవాణ్ని, నాకు తెలుసు. పిల్లవాడు కుదురుగా కూర్చుంటాడు, మనసు గోడ దూకి మైదానంలో ఉంటుంది. మందు మోతాదు మించిన మనిషీ కుదురుగానే కూర్చుంటాడు. ఇంట్లోవాళ్లకు అప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది, అరుపులు లేవు, సామాన్లు పగలవు, పక్కింటివాళ్ల ఫిర్యాదు లేదు. వాళ్లను తప్పుపట్టను, రాత్రుళ్లు మేలుకున్నది వాళ్లు. అయితే ఇల్లు కుదుటపడటాన్ని మనిషి కుదుటపడటం కింద రాసుకునే ప్రమాదం ప్రతి కొలతలోనూ ఉంది. హయత్‌నగర్ తల్లి ఆ పొరపాటు చేయలేదు. చదువుకున్నవాళ్లు చేస్తారు.

కుదురుకు ఒక మొరటు ముఖం కూడా ఉంది. ‘నీ రోగం కుదురుస్తా ఉండు’ అంటే వైద్యం చేస్తానని కాదు. ‘తిక్క కుదిరింది’ అంటే ఎవడో దెబ్బతిన్నాడని. నయం చేయడానికీ నాలుగు తగిలించడానికీ భాష ఒకే క్రియ ఎందుకు ఇచ్చింది? చేసినవాళ్లు రెంటినీ ఒకేలా చేశారు కాబట్టి. పిచ్చి కుదర్చడమంటే వేపమండలతో కొట్టడం, గొలుసుతో గుంజకు కట్టడం అనుకున్న రోజులు మరీ దూరానివి కావు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకున్నప్పుడు 28 మంది చనిపోయారు. గొలుసులు ఉండటంతో పరుగెత్తలేకపోయారు. గొలుసు కంటే కుదురుగా ఉంచేది ఇంకేముంది? మన నగరంలో ఈ ముఖానికి ఒక ఊరిపేరే ఉంది. చిన్నప్పటినుంచి ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాల’ అనే మాట వినని హైదరాబాదీ లేడు. అక్కడి మానసిక ఆసుపత్రి ఎన్ని వేలమందిని ఇంటికి పంపిందో ఆ తిట్టు వినిపించుకోదు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక ఎల్బీనగర్‌లో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. అయినా మా దిక్కు జనం గాజుల దుకాణం పైగదికే వస్తారు. మెట్రో దూరాన్ని తగ్గించింది గానీ పేరును తగ్గించలేకపోయింది.

కుదురు క్రియగా మారితే ఇంకా అందంగా ఉంటుంది. కుదరడానికి ఒక్కరు చాలరు. బేరం కుదరాలంటే అమ్మేవాడూ కొనేవాడూ కావాలి. సంబంధం కుదరాలంటే రెండిళ్లు. కూరలో ఉప్పు కుదిరిందంటే ఉప్పు మంచిదని కాదు, కూరకు తగ్గట్టు పడిందని. మా నాన్న రోజుల్లో కుర్రవాడు కొట్లో గుమస్తాగా కుదిరేవాడు. నల్గొండ నుంచో సూర్యాపేట నుంచో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మంచం తీసుకుని గ్రూప్స్‌కో డీఎస్సీకో కోచింగు మొదలుపెట్టిన పిల్లలకు ఇంటినుంచి వచ్చే మొదటి ఫోన్‌లో ఇదే మాట: ‘రూముల కుదురుకున్నవా బిడ్డా?’ గది, పక్కవాడు, మెస్సు, చదువు, ఇన్నీ కలిసొస్తే గాని ఆ మాటకు అవునని చెప్పలేరు.

అందుకే పిచ్చి విషయంలో మన సామెతలు రెండూ ఈ క్రియనే పట్టుకున్నాయి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు. నవ్వుకుంటాం గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చిక్కుకున్న ముడి ఇదే. 1960ల చివర ఆ సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రేనియా రోగులను వెంబడించి చూసింది. మనదేశం నుంచి ఆగ్రా ఉంది. రెండేళ్ల తర్వాత చూస్తే ధనిక దేశాల రోగులకంటే ఇండియా, నైజీరియా రోగులు మెరుగ్గా ఉన్నారని తేలింది. ఉమ్మడి కుటుంబం వల్లనే అని మనవాళ్లు చాలాకాలం మీసం తిప్పారు. 2008లో కొందరు పరిశోధకులు ఆ మాట అంత గట్టిది కాదని తిరిగి ప్రశ్నించారు, చెన్నై స్కార్ఫ్ సంస్థకు చెందిన డాక్టర్ ఆర్. తారా వాళ్లలో ఒకరు. వాళ్లు లేపిన చిక్కుల్లో పెళ్లీ ఉద్యోగమూ ఉన్నాయి. మనిషికి పెళ్లయింది, పొలం పనికి పోతున్నాడు అంటే అతను బాగుపడ్డాడనా, లేక ఇక్కడ పెళ్లి చేయడమూ పొలం పంపడమూ ఇంటివాళ్ల చేతిలో పని అనా? సామెత ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు, గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుంది. నిజాయితీ గల సామెత.

రెండోది ఇంకా దొంగది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. అంటే రోగి తనంతట తాను ‘నాకు బాగైంది’ అని ఫారం నింపాడు, పదికి పది. ఆ పక్కనే రోకలి. రోగి మాట నమ్మాలా, చూసేవాళ్ల మాట నమ్మాలా అన్న తగాదా కొలతల శాస్త్రంలో ఇప్పటికీ తెగలేదు. పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్‌కు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది, 2001 నుంచి లోకమంతా తిరుగుతోంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం 27. దానికి జవాబులు రోగివే. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పథకం నడిపినప్పుడు ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని గడపగడపకూ పోయి ఆ ప్రశ్నలే తెలుగులో అడిగారు. తర్వాత అక్కడా హర్యానాలోనూ కలిపి పెద్ద పరీక్ష చేశారు. ఏడాది తిరిగాక ఆ స్కోరు ఎంత దిగిందనేది ఒక ముఖ్యమైన కొలత. దిగింది కూడా. వాళ్లు వ్యాధి గురించి ఊరివాళ్లకున్న చిన్నచూపునూ కొలిచారు, అదీ నాకు నచ్చింది. కుండతోపాటు నేలనూ చూశారన్నమాట.

ఆ తొమ్మిది ప్రశ్నల్లో ఎనిమిదోది చదివితే తెలుగు మాస్టారుకు ముచ్చటేస్తుంది. మనిషి మరీ మందకొడిగా కదులుతున్నాడా, లేక దానికి పూర్తి వ్యతిరేకంగా ఒక్కచోట నిలవలేక తిరుగుతున్నాడా అని రెంటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడుగుతుంది. ఇంగ్లీషులో అది చాంతాడంత వాక్యం. తెలుగులో కుదురు లేకపోవడం అంటే సగం వచ్చేస్తుంది. రెండో సగానికి, అంటే మరీ కుదురైపోవడానికి, మన దగ్గర రోగం పేరు లేదు, మెచ్చుకోలు ఉంది.

చూసేవాళ్లు మార్కులేసే పద్ధతికి ఇంగ్లండులో పెద్ద ఉదాహరణ ఉంది. 1992లో అక్కడి ప్రభుత్వం మానసిక రోగుల ఆరోగ్యాన్ని, బతుకు నడకను గట్టిగా మెరుగుపరుస్తామని లక్ష్యం ప్రకటించింది. ప్రకటించాక గాని, మెరుగైందో లేదో తెలిసేదెట్లా అనే ఆలోచన రాలేదు. (చదివినప్పుడు మన ప్రభుత్వాల మీద కొంచెం కోపం తగ్గింది.) అక్కడి సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ ఆ పని మీద కూర్చుని హోనోస్ అనే పన్నెండు అంశాల పట్టీ చేసింది. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, వేసేది సిబ్బంది. చివరి రెండు అంశాల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి, మనిషి ఉంటున్న ఇల్లు ఎలాంటిది. రెండోది, పగలంతా చేసుకోవడానికి అతనికి ఏం పని, ఏం వ్యాపకం అందుబాటులో ఉంది. ముందువన్నీ కుండ గురించి. ఈ రెండూ చుట్ట గురించి.

మన దేశానికీ సొంత కొలబద్ద ఒకటి ఉంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీవాళ్లు చేసిన ఐడియాస్. తన ఒళ్లు తాను చూసుకోవడం, పదిమందితో మెలగడం, మాటా మన్ననా అర్థం చేసుకోవడం, పని చేయడం: ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు. గత రెండేళ్లలో ఎన్ని నెలలు జబ్బుతో గడిచాయన్నదానికి ఇంకో నాలుగు. మొత్తం 20. ఏడు వస్తే 40 శాతం వైకల్యం, అక్కడినుంచి సర్టిఫికెట్. ఆ నాలుగు అంశాలూ చదువుతుంటే నాకు కుదురు అన్న మాటకున్న అర్థాలే వరసగా కనిపించాయి. కుదురుగా ఉండటం, నలుగురితో కుదరడం, మాట కుదరడం, పనికి కుదరడం. కొలబద్ద చేసినవాళ్లకు తెలుగు వచ్చో రాకో, మంచి పని చేశారు.

చిక్కు సర్టిఫికెట్ తర్వాత వస్తుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2019లో 3,016 అయింది, 2023లో 4,016. వైకల్య నిర్ధారణలో 40 శాతం వస్తేనే అది. ఇప్పుడు ఆ తల్లిని నేను ‘ఎట్లున్నడు’ అని అడిగితే, ఆ అడగడంలో రెండు కాగితాలున్నాయి. ఒకదాంట్లో కొడుకు బాగుపడ్డాడని రాయాలి, పైగదివాళ్లకు పేరు. రెండోదాంట్లో బాగుపడలేదని రాయాలి, ఇంటికి 4,016. కుదుటపడితే కుదురు పోతుంది. మందుల డబ్బు, మెట్రో చార్జీ, ఆమె టిఫిన్ సెంటర్‌లో పని మానుకుని అతని దగ్గర కూర్చున్న రోజుల కూలి, అన్నీ ఆ చుట్టలోనే ఉన్నాయి మరి. రెండు గదుల్లో రెండు మాటలు చెప్పే తల్లులను అబద్ధాలకోర్లని అనడం విన్నాను. అన్న మనిషికి ప్రతినెలా జీతం వస్తుంది.

ఆమె ఆ రోజు నాకు ఒక అంకె కూడా ఇచ్చింది, చెప్పడం మరిచాను. పదికెంత అని మూడోసారి అడిగితే విసుక్కుని ‘రూపాయిల ఆఠాణా అనుకో’ అంది. మా దిక్కు నొప్పైనా జ్వరమైనా జనం ఇలాగే చెబుతారు. చారాణా తక్కువైంది, బారాణా తక్కువైంది, అంటే పావు వంతు, ముప్పావు వంతు. అణాలు 1957లో పోయాయి. పావలా బిళ్ల కూడా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. జబ్బును కొలవడానికి మాత్రం ఇంకా చెల్లుతోంది. నాకిది ఫారంలో ఉన్న సున్నా-నుంచి-పదికంటే మెరుగైన కొలత అనిపిస్తుంది, ఎందుకంటే రూపాయి అంటే పూర్తి మొత్తం ఎంతో అందరికీ తెలుసు. పది అంటే ఏమిటో, ఎవరి పదో, ఫారం చెప్పదు. ఈ మాటే అక్కడి సమన్వయకర్త అమ్మాయితో అంటే నవ్వి, ‘సార్, సాఫ్ట్‌వేర్ చారాణా తీసుకోదు’ అంది. చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెత నోటిదాకా వచ్చింది, మింగాను. నడిపేవాళ్ల ఆదివారాల్లో సగం ఈ కాగితాలకే పోతున్నాయని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఇంకో మాట ఉంది, రోజుకు పదిసార్లు వాడేది. కుదరలేదు. ‘పోయిన ఆదివారం రానీకి కుదరలె సారూ.’ రిజిస్టరులో పేరు ఉంటుంది, తేదీ ఎదురుగా గడి ఖాళీ. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి బస్సు దొరకలేదా, మందులు పడక మానేశాడా, నయమై మానేశాడా, వేరే డాక్టరు దగ్గరికి పోయాడా, అసలు ఉన్నాడా. మూడు ఫారాలు వరసగా నింపినవాళ్ల సగటు తీసి ఇంత మెరుగని చెబుతారు. రానివాళ్లు ఆ సగటులో ఉండరు. పిచ్చి కుదిరినవాడూ రాడు, రావడం కుదరనివాడూ రాడు. ఖాళీ గడి రెంటికీ ఒకటే. నేను వెళ్లడం మొదలుపెట్టాక చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని, రానివాళ్లకు ఫోను చేసి ఒక్క ముక్క రాసిపెట్టమని పోరడం. అదీ అందరికీ చేయడం కుదరడం లేదు.

కుదురుకు ప్రాస కలిసే వ్యతిరేకం చెదురు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు చనిపోయినవాళ్లను లెక్కపెట్టారు, గాయపడ్డవాళ్లను లెక్కపెట్టి పరిహారం రాశారు. చెదిరినవాళ్ల పట్టిక వేయలేదు. ఆ బస్టాప్ దగ్గర నిలబడలేక ఒక స్టాపు ముందే దిగి నడిచేవాళ్లు చాలా ఏళ్లు ఉండేవారు. నేనూ కొన్ని నెలలు మలక్‌పేటలోనే దిగాను. ఎప్పుడు మానానో గుర్తులేదు. కుదుటపడటం బహుశా అలాగే జరుగుతుంది, తేదీ వేయడానికి వీల్లేకుండా.

1968లో అమెరికాలో కిరెసక్, షెర్మన్ అనే ఇద్దరు సరిగ్గా ఈ గాజుల దుకాణం పైగది లాంటి సేవల కోసమే ఒక పద్ధతి రాశారు. అందరికీ ఒకే ప్రశ్నలు వద్దన్నారు. ఒక్కో మనిషికి ఏం జరిగితే మేలైనట్టో ముందే కూర్చుని రాసుకోవాలి. ఫలానా నెలలకు ఇంత జరుగుతుందని ఆశించినది జరిగితే సున్నా. అంతకంటే ఎక్కువైతే కూడిక ఒకటి, రెండు. తక్కువైతే తీసివేత ఒకటి, రెండు. సమన్వయకర్త అమ్మాయికి ఇది ఎక్కడో తగిలింది, పదిమందితో చేసి చూద్దామంది. ఆ పదిమందిలో హయత్‌నగర్ తల్లిని నేనే చేర్పించాను.

ఏం కావాలక్కా అంటే ఆమె వెంటనే చెప్పింది. వాడు ఒక్కడే కిరాణా కొట్టుకు పోవాలి, చాయ్‌పత్తా తేవాలి, చిల్లర తేవాలి. చిల్లర లెక్క తప్పినా ఫరవాలేదు, తేవాలి. అతన్ని కూడా అడిగాం. చాలాసేపు క్యాలెండరు చూసి, ‘కొట్టాయన నన్ను జూసి నవ్వొద్దు’ అన్నాడు. అది లక్ష్యంగా ఎలా రాయాలో మాకు తెలియలేదు. అది అతని చేతిలో లేదు కదా అంది అమ్మాయి. నేను రాయించాను. రెండో లక్ష్యం: కొట్టాయన.

మూడు నెలలకు వచ్చారు. అతను కొట్టుకు పోతున్నాడు. వారానికి రెండుసార్లు, ఒక్కడే. మొదటిసారి చాయ్‌పత్తా బదులు కాఫీ పొడి తెచ్చాడట, ఆమె అదే తాగింది. కొట్టాయన నవ్వుతాడా అంటే, ‘నవ్వుతడు గని వేరే తీరు’ అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆ అరచేతులు మోకాళ్ల మీద లేవు, ఒక చేత్తో చొక్కా గుండీ తిప్పుతున్నాడు. కుదురుగా లేడన్నమాట.

అమ్మాయి కాగితం తీసి, అనుకున్నది అనుకున్నట్టు జరిగింది కాబట్టి, గడిలో సున్నా వేసింది. తల్లి చూసింది.

‘సున్నెందుకేస్తవ్ బిడ్డా? పోయొచ్చిండు గద!’

అమ్మాయి వివరించింది. సున్నా అంటే మంచిదేనమ్మా, మనం అనుకున్నంత అయిందని. ఆమె విన్నది, ఒప్పుకోలేదు. బడిలో వేసినా కొట్లో వేసినా సున్నా సున్నాయే. నా వైపు తిరిగింది. నేను పెన్ను తీసి సున్నా పక్కన, గడి బయట, తెలుగులో రాశాను. బారాణా. ఆమెకు చదివి వినిపించాను. ‘ఇంక చారాణా?’ అంది.

‘కొట్టాయన దగ్గరున్నది’ అన్నాడు కొడుకు.